బ్రహ్మచెవుడు

సర్వేంద్రియాలలోను నయనమే ప్రధానమని పెద్దలు చెప్పిన మాట మనకు బాగా వంటబట్టినది. గ్రుడ్డివాడు ఎదురైతే చేయిపట్టి వీధి దాటిస్తాము. చెవిటివాడు ఎదురైతే నవ్వుకొంటాము. చెవిటివాని ముందు శంఖమూదినట్లని సామెత చెప్పుకొంటాము. నాటకంలో హాస్యం చాలకపోతే ఒక చెవిటి మామగారిని రంగం మీదికి తెచ్చుకొంటాము. విచిత్రమేమంటే, ఇదే జాతి తన పరమప్రమాణమైన వేదానికి 'శ్రుతి' అని పేరు పెట్టుకొన్నది. పండితుని 'బహుశ్రుతుడు' అని కొనియాడినది. నవవిధ భక్తులలో శ్రవణానికే మొదటి పీట వేసినది. వినికిడి వల్లనే మనిషి విద్యావంతుడౌతాడని ఇంత స్పష్టంగా ఎరిగిన మనము, వినికిడి లేని శిశువు విషయంలో ఇంత ఉదాసీనులమై ఉండడం ఎట్లా పొసగినదో ఆలోచింపవలసిన సంగతి.

పిడుగు పడినా వినపడని చెవుడుకు మనవారు పెట్టిన పేరు బ్రహ్మచెవుడు. ఆ పేరులోనే ఒక తీర్పు దాగి ఉన్నది. బ్రహ్మ వ్రాసిన వ్రాతకు మానవమాత్రులు చేయగలిగినదేమున్నదని దాని తాత్పర్యం. ఆ బిడ్డ మూగవాడు కావడం బ్రహ్మ వ్రాసిన రెండవ పంక్తి అనుకొంటారు. నిజానికి ఆ బిడ్డ నాలుకలో సాధారణంగా ఏ లోపమూ ఉండదు. విననిదానిని పలుకలేడు, అంతమాత్రమే. ఈ రెండు పంక్తులను గూర్చి గడచిన డెబ్బది సంవత్సరాల వైద్యపరిశోధన ఏమి కనుగొన్నదో, కనుగొన్నది మన పల్లెలకు ఎంతవరకు చేరగలదో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పల్లె అన్నప్పుడు ఏదో ఒక ఊరిని కంటి ముందు నిలుపుకొని మాట్లాడడం మేలు. అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గానికీ ఉరవకొండకూ నడుమ బెళుగుప్ప ఉన్నది. ఎర్రనేలలు, వేరుశనగ చేలు, మబ్బుకోసం ఎదురుచూచే రైతులు. దేశంలో రాజస్థానపు జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతం ఈ జిల్లాదేనని ప్రసిద్ధి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన; అదీ అదను తప్పి వచ్చేదే ఎక్కువ. పంట పోయిన ఏట ఇంటికి తాళం వేసి బెంగుళూరుకు కూలికి పోవలసిన బ్రతుకులు. ఇటువంటి ఇంటిలో పసిబిడ్డ వింటున్నాడా లేదా అని కనిపెట్టేదెవరు?

కనిపెట్టడం తేలిక కాదు కూడా. కాలు వంకర అయితే కంటికి కనపడుతుంది. చూపు లేకపోతే తల్లి కొద్ది నెలలలో గుర్తుపడుతుంది. చెవుడు కనపడదు. చెవిటి శిశువు ఏడుస్తాడు, నవ్వుతాడు, తొలినెలలలో అందరు బిడ్డలవలెనే ఊకొడతాడు. తలుపు దభాలున పడితే నేల అదరును బట్టి తిరిగి చూస్తాడు. రెండేండ్లు నిండినా మాట రాకపోతే, 'వాళ్ళ నాయనకూ మూడేండ్లకు గాని మాట రాలేదు' అని అవ్వ ధైర్యం చెప్పుతుంది. మూడవ ఏట దేవుని మ్రొక్కు. నాలుగవ ఏట పట్నం వైద్యుడు. మెట్టసీమలో విత్తనానికి అదను ఎట్టిదో, మాటకు శైశవం అట్టిది. అదను దాటిన తరువాత ఎంత మంచి విత్తనం చల్లినా పంట సగమే.

సమస్య పరిమాణం సామాన్యం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 150 కోట్లకు మించిన జనానికి ఏదో ఒక మేరకు వినికిడి లోపం ఉన్నది. వారిలో 43 కోట్లమందికి చికిత్సో సాధనమో అవసరమైనంత లోపం. మన దేశంలో 2011 జనాభా లెక్కలు 50 లక్షల మందికి పైగా వినికిడి లోపమున్నవారిని నమోదు చేసినవి. బాల్యంలో కలిగే చెవుడులో నూటికి 60 పాళ్ళు నివారింపదగిన కారణాల వల్లనే కలుగుతున్నదని కూడా ఆ సంస్థ అంచనా. ఇదే నిజమైతే బ్రహ్మపై మనము మోపిన నేరంలో సగానికి పైగా మన లెక్కలోనే వ్రాసుకోవలసి ఉన్నది.

చెవి నిర్మాణం కొంచెం తెలిస్తే తక్కిన కథ సుబోధమౌతుంది. గాలిలో వచ్చిన శబ్దం కర్ణభేరిని తాకుతుంది. దాని వెనుక సుత్తి, దాగలి, రికాబు ఆకారాలలో మూడు చిట్టి ఎముకలు గొలుసుగా ఉన్నవి. వాటిలో రికాబు ఎముక మన శరీరంలోని ఎముకలన్నిటిలోను చిన్నది. దాని ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. ఈ గొలుసు కదలికను నత్తగుల్లవలె చుట్టుకొన్న లోపలి చెవికి అందిస్తుంది. ఆ గుల్లలోని ద్రవంలో అల లేస్తుంది; సుమారు 15,000 సూక్ష్మ రోమకణాలు ఆ అలకు కదలుతవి; ఆ కదలిక విద్యుత్సంకేతమై నాడి వెంట మెదడుకు చేరుతుంది. ఆ అల ఎట్లా ప్రయాణం చేస్తుందో కనుగొన్న గేయోర్గ్ వాన్ బెకెషీ మొదట హంగరీలో టెలిఫోను ఇంజనీరు. ఆయనకు 1961లో నోబెల్ బహుమతి వచ్చినది.

లోపం బయటి భాగంలో ఉంటే ఒక విధమైన చెవుడు; లోపలి గుల్లలో ఉంటే వేరొక విధమైన చెవుడు. పూర్వులు మొదటిదానితోనే పోరాడిరి. సుశ్రుతుడు చెవి రోగాలు ఇరువది యెనిమిదింటిని లెక్కపెట్టినాడు. తెగిన చెవితమ్మెను అతికించడానికి పదిహేను పద్ధతులు చెప్పినాడు. కాని భేరికి వెనుక ఉన్న ఆ చీకటి గదిలోకి నేర్పుగా చేయి పెట్టడం సూక్ష్మదర్శిని శస్త్రశాలలోకి వచ్చిన తరువాతనే నిలకడగా సాధ్యమైనది.

1952లో న్యూయార్కు నగరంలో శామ్యూల్ రోజెన్ అనే కర్ణవైద్యుడు ఒక రోగి చెవిలో రికాబు ఎముక బిగుసుకొన్నదా లేదా అని పరీక్ష చేస్తున్నాడు. అసలు చికిత్స ఆ తరువాతి మాట. రోగికి మత్తు ఆ చోటికి మాత్రమే ఇచ్చి ఉన్నారు, కనుక అతడు మెలకువగానే ఉన్నాడు. పనిముట్టు తగిలి ఎముక కదలగానే, తనకు వినపడుతున్నదని ఆ రోగి చెప్పినాడు. పరీక్షే చికిత్స అయినది. రోజెన్ దానిని యాదృచ్ఛికమని వదలిపెట్టక శాస్త్రంగా తీర్చిదిద్ది, దేశదేశాలు తిరిగి తోటి వైద్యులకు నేర్పినాడు. నాలుగేండ్లకు, 1956లో, మెంఫిస్ నగరపు జాన్ షే ఆ ఎముకనే తొలగించి, దానికి బదులు టెఫ్లాన్‌తో చేసిన ఎముకను అమర్చినాడు. ఆ దశాబ్దంలోనే జర్మనీలో వుల్‌స్టయిన్, జోల్నర్ అనే ఇద్దరు చిల్లిపడిన కర్ణభేరిని తిరిగి నిర్మించే విధానాన్ని స్థాపించిరి.

ఈ మూడవ శస్త్రచికిత్సే మన పల్లెలకు అతి ముఖ్యమైనది. ఏండ్ల తరబడి చెవిలో చీము కారుతూ వినికిడి క్షీణించే పిల్లలు పేదల ఇండ్లలోనే ఎక్కువ. జలుబు ముదిరి చెవిలోకి దిగుతుంది, భేరికి చిల్లి పడుతుంది, చీము మొదలౌతుంది. దానికి కాచిన నూనె పోయడం, ఆకుపసరు పిండడం, పుల్లతో కెలకడం మనవారి వైద్యం. అది వ్యాధికి దోహదం చేసినట్లే. తొలిదశలో మందుతో మానేది, ముదిరితే శస్త్రానికి వస్తుంది. ఇంకా ఉపేక్షిస్తే ఎముకను తినివేసి మెదడు దాకా ప్రాకి ప్రాణం మీదికి తెస్తుంది. చిల్లిని పూడ్చడానికి రోగి కణతపై కండరానికి గల పలుచని పొరనే తీసి వాడతారు. ఇది విదేశాలకు పోయి చేయించుకోవలసిన వింత కాదు. జిల్లాస్థాయి పెద్దాసుపత్రులలో కర్ణవైద్యులు చేయగలిగినది. చెవిలో చీము కూడా ఒక జబ్బే అని తల్లిదండ్రులు ఒప్పుకోవడమే కొరత.

రోజెన్ జీవితంలోని రెండవ ఘట్టం నాకు మొదటిదానికంటె విలువైనదిగా తోస్తుంది. శస్త్రవైద్యునిగా లోకప్రసిద్ధి పొందిన పిమ్మట, 1960 ప్రాంతంలో, ఆయన శ్రవణపరీక్షా యంత్రాలు వెంటబెట్టుకొని నాటి సూడాన్ దేశపు మారుమూల నివసించే మాబాన్ జాతివారి వద్దకు పోయినాడు. యంత్రాల రొద ఎరుగని ఆ నిశ్శబ్దసీమలో డెబ్బది యేండ్లవారి వినికిడి కూడా నగరవాసులతో పోల్చితే ఎంతో చక్కగా ఉన్నట్లు కనుగొన్నాడు. వారి రక్తపోటు కూడా వయస్సుతో అంతగా పెరుగలేదు. చెవుడు ముసలితనంతో పాటు తప్పక రావలసినది కాదని, బ్రతుకుతీరుకూ దానికీ సంబంధమున్నదని ఆయన బోధ. కత్తి పట్టినవాడు కత్తి అవసరం రాని మార్గాన్ని వెదకడం గొప్ప వైద్యుని లక్షణం. బోరుబావులు త్రవ్వే యంత్రాల దగ్గర చెవికి ఏ అడ్డూ లేకుండా పనిచేసే కూలీల విషయంలోను, జాతరలలో గుండెలదిరే ధ్వనిపేటికల విషయంలోను ఆ బోధ మనకు నేటికీ పనికివస్తుంది.

ఇక లోపలి గుల్లలోని చెవుడు. రోమకణాలు ఒకసారి నశిస్తే మనుష్యులలో తిరిగి మొలవవు. బ్రహ్మచెవుడని మనవారు చేతులెత్తివేసినది చాలవరకు ఇదే. దీని చరిత్రలో 1978 మరపురాని సంవత్సరం. ఆ యేడు ఇంగ్లండులో డేవిడ్ కెంప్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఆశ్చర్యాన్ని నిరూపించినాడు. ఆరోగ్యమైన చెవి వినడమే కాక, తాను కూడా అతి సూక్ష్మమైన ధ్వనిని బయటికి పంపుతుంది. చిన్న శబ్దం వినిపించి, చెవినుండి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని పట్టుకొంటే, బిడ్డ నిద్రలో ఉన్నా లోపలి చెవి పనిచేస్తున్నదా లేదా అని చెప్పవచ్చును. నవజాత శిశువులకు నేడు చేసే పరీక్షకు మూలం ఇదే. బిడ్డకు నొప్పి లేదు. పట్టే కాలం కొద్ది నిమిషాలు.

ఆ యేడే ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో గ్రేమ్ క్లార్క్ అనేక తంత్రులు గల కృత్రిమ శ్రవణ సాధనాన్ని మొదటిసారి ఒక రోగి చెవిలో అమర్చినాడు. క్లార్క్ తండ్రికి చెవుడు. ఆయన పడిన ఇబ్బంది చూస్తూ పెరిగిన కుమారుడు ఈ పరిశోధనకు పూనుకొన్నాడు. వంపులు తిరిగిన ఆ గుల్లలోకి తీగను చెక్కుచెదరకుండా ఎట్లా పంపవలెనన్నది ఆయనకు పెద్ద చిక్కు. ఒకనాడు సముద్రతీరంలో కూర్చుండి, ఒక శంఖపు గుల్లలోకి గడ్డిపరకను దూర్చి చూచినాడట. మొదలు గట్టిగాను, కొన మెత్తగాను ఉన్న పరక సులువుగా మెలిక తిరిగి లోపలికి పోయినది. అదే ఉపాయమైనది. చెవిటివాని ముందు శంఖమూదడం వ్యర్థమని మనము సామెత కట్టినాము; అటువంటి గుల్లనే చేతబట్టి ఆయన చెవిటివానికి వినికిడి తెచ్చే దారి కనుగొన్నాడు.

ఈ సాధనం పని బెళుగుప్ప రైతుకు వివరించడం కష్టం కాదు. శ్రీశైలం నుండి హంద్రీ-నీవా కాలువ మీదుగా మెట్టుమెట్టుగా ఎత్తిపోసిన కృష్ణ నీరు ఆ మండలంలోనే ఉన్న జీడిపల్లి జలాశయానికి చేరుతున్నది. సహజమైన ఏరు ఎండిపోయినచోట మనుష్యుడు వేరొక మార్గాన నీటిని తెచ్చినాడు. ఇక్కడా అంతే. చెవి వెనుక ధరించిన యంత్రం శబ్దాన్ని పట్టుతుంది. చర్మం క్రింద అమర్చిన భాగం దానిని విద్యుత్సంకేతంగా అందుకొంటుంది. గుల్లలోకి పంపిన తీగ నశించిన రోమకణాలను దాటి నేరుగా నాడికి అందిస్తుంది. అయితే జలాశయం నిండినంత మాత్రాన చేను తడవదు. పిల్లకాలువలు త్రవ్వవలెను, మడవ కట్టవలెను, నీరు కట్టే మనిషి ఉండవలెను. శస్త్రచికిత్స జలాశయం వంటిది. దాని తరువాత ఏండ్ల తరబడి సాగవలసిన శ్రవణశిక్షణ, వాక్శిక్షణ పిల్లకాలువల వంటివి. మన ప్రభుత్వాలు, మన పత్రికలు, మన దాతలు జలాశయపు ప్రారంభోత్సవానికి హాజరౌతారు. పిల్లకాలువల దగ్గర ఎవరూ కనపడరు. నా అభియోగమంతా ఇదే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలివిడతలో చేరిన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి. లక్షల రూపాయల ఖరీదు గల ఈ శ్రవణ సాధనాన్ని పేదబిడ్డలకు ఉచితంగా అమర్చడానికి ఆ పథకం దారి తీసినది. విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనశాల సముద్రగర్భంలో శబ్దాన్ని వెన్నాడే టార్పిడోలను నిర్మించే సంస్థ. భుజంగరావుగారి నాయకత్వాన అక్కడి శాస్త్రజ్ఞులు ఇటువంటి సాధనాన్ని స్వదేశంలోనే చౌకగా చేయడానికి పూనుకొన్న సంగతి తెలుగువారు గర్వింపదగినది. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షింపవలసిన లోపాలలో చెవుడును చేర్చినది. పథకాలు కలవు. లోపమంతా కాలం విషయంలో.

పరిశోధకులు తేల్చిన సత్యాలలో నిష్ఠురమైనది కాలాన్ని గురించినదే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జరిగిన పరిశోధన 1998లో వెలువడినది. ఆరునెలలలోపు లోపం కనుగొని సాయం మొదలిడిన బిడ్డలకు, ఆ తరువాత కనుగొన్న బిడ్డలకు భాషలో ఎంతో అంతరం ఉన్నట్లు అది చూపినది. మెదడులో శబ్దం కొరకు కేటాయించిన భాగం తొలియేండ్లలో ఏమీ అందకపోతే క్రమంగా అన్యపనులకు ఒప్పగింపబడుతుంది. ఆపై సాధనం అమర్చితే శబ్దం వినపడవచ్చును గాని అది మాటగా రూపుకట్టడం కష్టం. అందుకే చిన్నవయస్సు బిడ్డలకే ఈ శస్త్రమని వయస్సుకు హద్దులు పెట్టడం. హద్దుకు వైద్యకారణం ఉన్నది. కాని బిడ్డను పరీక్షించే ఏర్పాటు లేక హద్దు మాత్రం పెట్టితే, అది తలుపు మూసి ఆలస్యంగా వచ్చినావని అన్నట్లవుతుంది.

పరీక్షకు పెద్ద భవనం అక్కరలేదు. కేరళలోని ఎర్నాకులంలో 2003 నుండి పిల్లల వైద్యులు నడిపిన పద్ధతి గమనింపదగినది. ప్రతి ఆసుపత్రికి ఒక యంత్రం కొనలేమని వారు ఊరకుండలేదు. ఒక యంత్రాన్ని, ఒక శిక్షితుని, వంతులవారీగా ఒక ఆసుపత్రి నుండి మరొక ఆసుపత్రికి పంపిరి. మన వద్ద కాన్పులు నేడు చాలవరకు ఆసుపత్రులలోనే జరుగుతున్నవి. కల్యాణదుర్గం, ఉరవకొండ ఆసుపత్రుల నడుమ వారంలో నిర్ణీత దినాలలో ఒక యంత్రం తిరగడం అసాధ్యమా? సారెకు ఒక ఊరి సంత నుండి మరొక ఊరి సంతకు వర్తకుడు తిరగడం లేదా?

తరువాతి మాట శిక్షణ. సాధనం అమర్చిన బిడ్డను వారానికోమారు నగరానికి తీసుకొని పోవలెనంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు తోడౌతుంది. రెండుమార్లు పోయి మూడవమారు మానుకొంటే తల్లిని నిందింపలేము. బయటి యంత్రంలో తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా, ఆ బిడ్డ తిరిగి నిశ్శబ్దంలో పడతాడు. ఇచ్చిన చెవిని నిలిపే బాధ్యత కూడా ఇచ్చినవారిదే అని శాసనంగా ఉండవలెను. మండలకేంద్రంలో వాక్శిక్షణ ఎరిగిన ఒక్క ఉద్యోగి ఉంటే లక్షల రూపాయల శస్త్రం సార్థకమౌతుంది; లేకుంటే అది పెట్టెలో దాచిన ఆభరణమే.

కారణాలలో మేనరికం ప్రసక్తి తప్పదు. రాయలసీమలో అక్క కూతురిని చేసుకోవడం ఆచారం. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు, హాల్డేన్ మహాశయుని శిష్యుడు. చెవితమ్మెపై వెంట్రుకలు తండ్రినుండి కుమారునికి సంక్రమించే తీరును స్వకుటుంబంలోనే పరిశీలించి 1960లో ప్రకటించి పరిశోధన ఆరంభించినవాడు. ఆయన మీరాఖాన్‌తో కూడి ఆంధ్రదేశపు దగ్గరి సంబంధపు వివాహాలను ఆ కాలంలోనే లెక్కకు తెచ్చినాడు. 1997లో చెవుడుకు కారణమైన ఒక ముఖ్య జన్యువు బయటపడిన పిమ్మట, అందులోని ఒక ప్రత్యేకమైన మార్పు భారతీయులలో తరచు కనపడుతున్నదని మన పరిశోధకులు తేల్చిరి. తల్లికీ తండ్రికీ వినికిడి చక్కగానే ఉండవచ్చును. ఇద్దరిలోను దాగిన ఒకే లోపం బిడ్డలో కలిసినప్పుడు చెవుడు బయటపడుతుంది. దగ్గరి సంబంధంలో అట్లా కలిసే అవకాశం హెచ్చు. ఇందులో తల్లి పాపమేమీ లేదు. కోడలిని ఆడిపోసుకొనే అత్తలు ఈ ఒక్క సంగతి గ్రహిస్తే ఎన్నో కాపురాలు నిలుస్తవి. ఇవి గాక గర్భిణికి సోకే రూబెల్లా జ్వరం ఒక కారణం. దాని టీకా 2017 నుండి మన పిల్లలకు అందుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. చెవిటివారు రోగులు కారనీ, వారికి సంజ్ఞాభాష అనే సంపూర్ణమైన భాష ఉన్నదనీ, అందరినీ వినేవారినిగా మార్చబూనడం అహంకారమనీ కొందరు బధిరులే వాదిస్తారు. ఆ వాదంలో సత్యమున్నది. సంజ్ఞాభాషకు వ్యాకరణమున్నది, సొగసు ఉన్నది. భారతీయ సంజ్ఞాభాషకు 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రం కూడా ఏర్పడినది. అనంతపురం జిల్లాలో గ్రామీణాభివృద్ధి సంస్థ నెలకొల్పిన ప్రత్యేక పాఠశాలలు, శస్త్రానికి అదను దాటిన పిల్లలకు విద్య ఎట్లా చెప్పవచ్చునో చూపినవి. కాని కరవుపల్లెలోని చెవిటి బిడ్డకు నేడు దక్కుతున్నది శస్త్రమూ కాదు, సంజ్ఞాభాషా కాదు. గొడ్లు కాచే పని. ఏదో ఒక భాష, చెవిద్వారానో చేతిద్వారానో, సకాలంలో అందడం బిడ్డ హక్కు. ఏ భాష అన్నది ఆ తరువాతి చర్చ.

శాస్త్రం ఇక్కడితో ఆగలేదు. పుట్టుచెవుడులో ఒక రకానికి జన్యుచికిత్స చేసి బిడ్డలకు వినికిడి తెప్పించినట్లు చైనా వైద్యులు 2024లో ప్రకటించిరి. రేపు మరెన్నో వింతలు రావచ్చును. కాని ఏ వింత అయినా, బిడ్డకు చెవుడున్నదని తెలిసిన ఇంటికే పోతుంది. తెలియని ఇంటిముందు ఎంత గొప్ప విజ్ఞానమైనా శంఖమూది వెనుదిరగవలసినదే. బిడ్డ పుట్టిన నెలలోపల ఒకమారు చెవి పరీక్ష చేయించండని ఊరి ఆశా కార్యకర్త ప్రతి బాలింతకు చెప్పడం, చీము కారే చెవితో వచ్చిన బాలుని బడిపంతులు వైద్యుని వద్దకు పంపడం, మండలానికొక శిక్షకుని ప్రభుత్వం నియమించడం - ఈ మూడింటికి కావలసిన ధనం స్వల్పం. బ్రహ్మ వ్రాతను దిద్దగలిగిన వైద్యులు మనకు ఉన్నారు. ఆ పలక వారి చేతికి వేళకు అందించడమే మిగిలిన పని.